ఈ ముక్క ఎవరిది?

అమ్మ కుట్టుపని మానేసి ఏడాదిన్నర అయింది. చూపు తగ్గి, సూదిలో దారం ఎక్కించడం కష్టమైంది. మొన్న సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు కుట్టుగది సర్దే పని నేను నెత్తినేసుకున్నాను. రెండు ట్రంకుపెట్టెలు, ఒక చెక్క బీరువా, వాటి నిండా పాత దిండు గలేబుల్లో కుక్కిన గుడ్డముక్కలు. ఇంజనీరు బుర్ర కదా, ముందు లాప్‌టాప్‌లో ఒక పట్టిక తెరిచాను: రంగు, రకం, పొడవు, వెడల్పు. గలేబులన్నీ బోర్లించి, మధ్యాహ్నానికల్లా నీలాలన్నీ ఒక కుప్ప, ఎరుపులన్నీ ఒక కుప్ప చేశాను. అమ్మ వచ్చి కాసేపు ఏమీ అనకుండా చూసింది. తర్వాత ఒక ఆకుపచ్చ ముక్క చేతిలోకి తీసుకుని, "ఇది ఎవరిదో ఇప్పుడెట్లా తెలుస్తుందిరా?" అంది.

ఆ ప్రశ్న వినగానే నాకు గుర్తొచ్చిన మనిషి జాన్ ఫోర్బ్స్ వాట్సన్. స్కాట్లండ్ డాక్టరు, బొంబాయి సైన్యంలో వైద్యుడిగా పనిచేసి, తర్వాత లండన్‌లో ఇండియా మ్యూజియం బాధ్యతలు చూశాడు. ఆ మ్యూజియం నిల్వల్లో మన దేశపు బట్టలు గుట్టలుగా ఉండేవి. 1866లో ఆయన వాటిని కోయించి 700 నమూనాలు ఎంచి, 18 సంపుటాల్లో అతికించాడు. అలాంటివి 20 సెట్లు. అంటే మొత్తం 14,000 ముక్కలు. 13 సెట్లు బ్రిటన్‌లో ఉంచి, 7 మన దేశానికి పంపాలని ఏర్పాటు. ఒక్కో సెట్టూ ఒక్కో చిన్న మ్యూజియం అన్నది ఆయన ఆలోచన.

ఎందుకింత శ్రమ? లాంకషైర్ మిల్లులవాళ్ళకి మన జనం ఏం కట్టుకుంటారో తెలియాలి. తెలిస్తే అలాంటివే నేసి ఇక్కడ అమ్మొచ్చు. ఒక సెట్టు ఇప్పటికీ ప్రెస్టన్ అనే నూలుమిల్లుల ఊళ్ళో, హారిస్ మ్యూజియంలో ఉంది.

వాట్సన్ తెలివైనవాడు. ఊరిని బట్టో రంగును బట్టో కాకుండా, వాడుకను బట్టి వర్గీకరించాడు: తలపాగాలు, ధోవతులు, లుంగీలు, చీరలు, గజాల లెక్కన అమ్మే తానులు. మనవాళ్ళు కట్టే బట్టల్లో చాలావాటికి కత్తెరా సూదీ తగలవని, మగ్గం మీంచి దిగినట్టే ఒంటి మీదికి వస్తాయని ఆయన బాగా పట్టుకున్నాడు. అందుకే అంచు ఎక్కడుంది, కొంగు ఎంత, పొడవెంత అనేవి ముఖ్యమని రాశాడు. కానీ ఆ సంగతి చూపించడానికి ఆయన చేసిందేమిటి? కత్తెర పడని బట్టల మీద కత్తెర వేశాడు! చీర పోయి ముక్క మిగిలింది. పోయిన చీర సంగతి చెప్పడానికి పక్కన కొలతలు, బరువు, ఊరి పేరు రాయించాడు. నేను ఆన్‌లైన్లో చూసిన పేజీల్లో నేసినవాళ్ళ పేరు మాత్రం ఎక్కడా కనబడలేదు. కొనబోయేవాడికి ఆ గడితో పనిలేదు మరి.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆ ముక్కలు బతికాయి. అదే కాలంలో మన ఇళ్ళలో కట్టిన చీరలు చిరిగి, పాతగుడ్డలై, బొంతలై, చివరికి మసిగుడ్డలై పోయాయి. మూసిన పుస్తకంలో వెలుతురు తగలదు. బట్టకి వెలుతురు చేసే నష్టం తిరిగిరానిది. అందుకే మ్యూజియాల్లో పాత బట్టల మీద పడే వెలుగు 50 లక్స్ దగ్గరే ఆపేస్తారు. నేనేమో ముక్కలన్నీ కనబడేలా పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలు కొని, కిటికీ పక్కన పేర్చాలనుకున్నాను. ఎండకి రంగు పోతుంది. మూత గట్టిగా పెడితే లోపల చిక్కిన చెమ్మకి బూజు పడుతుంది.

అమ్మ ఏ మ్యూజియం పుస్తకమూ చదవలేదు గానీ ఈ సంగతులన్నీ ఆమె చేతుల్లో ఉన్నాయి. గాలాడే నూలు గలేబులు, మూతపడే ట్రంకుపెట్టె. పట్టుముక్కలు విడిగా, ఎందుకంటే చిమ్మట తినేది పట్టూ ఉన్నీనే. నూలుకి దాని భయం లేదు, కానీ గంజి ఉంటే వెండిరంగు సన్నపురుగు వస్తుంది. కాబట్టి గంజి పూర్తిగా పోయేలా ఉతికాకే లోపల పెట్టాలి. కలరా ఉండలు బట్టకి తగలకుండా మూలన గుడ్డలో కట్టి ఉండాలి. జరీ ఉన్నవాటికి ఒకే చోట మడత పడితే అక్కడే విరుగుతుంది కనుక, కొన్నాళ్ళకోసారి మడత మార్చాలి.

ఇవన్నీ నాకు అర్థమయ్యాయి. అర్థం కానిది ఒకటే: ఇన్ని ముక్కలు దేనికి? ఒక్కో గలేబూ ఒక్కో ఇల్లట. జాకెట్టు కుట్టగా మిగిలిన పీలికని ఆ ఇంటి గలేబులో వేసేది. మనిషి ఒళ్ళు చేస్తుంది, పురుడొస్తుంది, జబ్బుచేసి చిక్కిపోతుంది. జాకెట్టు వదులు చెయ్యాల్సి వచ్చినప్పుడు చంక కింద అతుకు వెయ్యడానికి అదే గుడ్డ కావాలి. అదే రంగు మరోటి కొంటే కుదరదు, పాతదాని పక్కన తేడా తెలిసిపోతుంది. నీలాలన్నీ ఒకచోట చేర్చి నేను చేసింది సర్దడం కాదు. ఇరవై ఏళ్ళ లెక్క చెరిపేశాను.

దారి చూపించింది అమ్మ కొలతల పుస్తకాలే. బారు నోటుబుక్కులు. పేజీకొక మనిషి: పేరు, తేదీ, భుజం, ఛాతీ, చెయ్యి. పక్కన గోరంత గుడ్డ, రెండు కుట్లతో కాగితానికి కుట్టి ఉంది. పిన్ను కొట్టొచ్చుగా అంటే, "తుప్పు పట్టి గుడ్డని తినేస్తుంది" అంది. వాట్సన్ పుస్తకానికీ దీనికీ పోలిక చూసి నవ్వొచ్చింది, తర్వాత నవ్వు రాలేదు. రెండూ నమూనాల పుస్తకాలే. దానిలో ఊరుంది, మనిషి లేదు. దీనిలో మనిషి ఉంది, ఊరు రాయలేదు. అందరూ ఆ రెండు వీధులవాళ్ళే కదా.

మూడు రోజులు కూర్చున్నాం. నేను పేజీలు తిప్పుతూ గోరంత ముక్క పక్కన పెద్ద ముక్క పెట్టి చూడటం, అమ్మ వేళ్ళతో తడిమి అవునో కాదో చెప్పడం. కొన్ని పేర్ల దగ్గర ఆగిపోయేది. "ఈవిడ పోయింది నాన్నా, ఇంక అక్కర్లేదు" అనేది, అని మళ్ళీ ఆ ముక్కని ఆ ఇంటి గలేబులోనే వేసేది. పోయినావిడ ముక్క దాచడంలో వాడుక ఏమిటని నేను అడగలేదు.

సగానికి పైగా వాటి ఇళ్ళకి చేరాయి. మిగతావి ఏ పేజీకీ కలవలేదు. నా పట్టికలో రంగు గడి తీసేసి 'ఎవరిది' అని పెట్టాను. ఆ ఆకుపచ్చ ముక్క ఎదురుగా ఇంకా ఖాళీగానే ఉంది.