కోడిమాంసం–కరోనా వదంతి (2020)

కోడికూర తింటే కరోనా సోకుతుందంటూ 2020 ఫిబ్రవరిలో తెలుగు రాష్ట్రాలతో పాటు దేశంలో చాలాచోట్ల వాట్సాప్‌లో పాకిన అబద్ధపు ప్రచారం. జబ్బుపడ్డ కోళ్ల ఫొటోలకు కొత్త వైరస్ పేరు తగిలించి పంపేవారు. తెలిసినవాళ్లు పంపిన సందేశం కాబట్టి జనం నమ్మారు. చికెన్ ధర పడిపోయి కోళ్ల రైతులు దారుణంగా నష్టపోయారు. నిజానికి ఈ వైరస్ ప్రధానంగా మనిషి దగ్గు, తుమ్ము, ఊపిరి ద్వారా వ్యాపిస్తుంది. కోళ్లకు సోకదని ప్రయోగాల్లో తేలింది.

ఈ వదంతిని ఖండించడానికి ఫిబ్రవరి 28న హైదరాబాద్‌లో అప్పటి తెలంగాణ మంత్రులు కేటీఆర్, ఈటల రాజేందర్, తలసాని శ్రీనివాస్ యాదవ్ వేదికపైనే చికెన్ తిన్నారు. మంచి పనే, కానీ అప్పటికే ఆలస్యమైంది. ఇలాంటి ఖండనలో ముందు నిజం చెప్పాలి, అబద్ధాన్ని ఒక్కసారికి మించి ప్రస్తావించకూడదు. ఆ నిజం ఊళ్లో అందరికీ తెలిసిన ఆశా కార్యకర్త నోట వస్తే ఇంకా బాగా చేరుతుంది.