ఆంధ్ర ప్రాంతంలో పంటల పుట్టుక

పురావస్తు తవ్వకాలలో లభించే గింజలు, పొట్టు, కలప బొగ్గు మొదలైన వృక్షావశేషాల ద్వారా పూర్వకాలపు వ్యవసాయాన్ని, ఆహారాన్ని తెలుసుకొనే శాస్త్రాన్ని పురావృక్షశాస్త్రం అంటారు. దక్షిణ భారతదేశానికి వ్యవసాయం పూర్తిగా బయటినుండే వచ్చినదా, లేక ఇక్కడే కొన్ని పంటలు పుట్టినవా అన్న ప్రశ్నకు ఈ శాస్త్రం సమాధానం వెదకింది. కడప, కర్నూలు, బళ్ళారి ప్రాంతాలలో దొరికిన గింజలు ఇందుకు ముఖ్యమైన ఆధారాలు.

అవశేషాలు నిలిచే విధానం

మట్టిలో పడిన గింజ సాధారణంగా కుళ్ళిపోతుంది లేదా మొలకెత్తుతుంది. పొయ్యిలో పడి, పూర్తిగా బూడిద కాకుండా మాడి బొగ్గుగా మారిన గింజ మాత్రం వేల సంవత్సరాలు నిలుస్తుంది. తవ్విన మట్టిని నీటిలో కలిపినప్పుడు తేలికైన ఈ బొగ్గు గింజలు పైకి తేలుతాయి. వాటిని సన్నని జల్లెడతో పట్టి, నీడలో ఆరబెట్టి, సూక్ష్మదర్శిని క్రింద పరిశీలించి జాతిని గుర్తిస్తారు. గింజలోని కార్బన్ ఆధారంగా దాని కాలాన్ని కూడా నిర్ణయించవచ్చును.

నవీన శిలాయుగపు పంటలు

దక్షిణ భారత నవీన శిలాయుగం సుమారు క్రీ.పూ. 3000 నుండి క్రీ.పూ. 1200 వరకు సాగింది. ఈ కాలపు ప్రజలు ముఖ్యంగా పశుపాలకులు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు బూడిద దిబ్బను 1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ త్రవ్వించగా, అది పశువుల దొడ్లలోని పేడ కాలి ఏర్పడినదని తేలింది. అక్కడ పశువుల గిట్టల గుర్తులు కూడా కనిపించాయి.

వారి పంటల గురించి స్పష్టమైన సమాచారం తరువాతి కాలంలో లభించింది. డోరియన్ ఫుల్లర్, రవి కోరిశెట్టర్, పి.సి. వెంకటసుబ్బయ్య తదితరులు కడప జిల్లాలోని హనుమంతరావుపేట, పెద్దముడియం, బళ్ళారి సమీపంలోని సంగనకల్లు మొదలైన చోట్ల సేకరించిన గింజలను పరిశీలించి 2004లో ఫలితాలను ప్రచురించారు. పలు స్థలాలలో మళ్ళీ మళ్ళీ కనిపించిన పంటలు నాలుగు:

- అండు కొర్రలు
- కొర్ర ప్రజాతికే చెందిన మరొక చిరుధాన్యం (సెటేరియా వెర్టిసిల్లాటా)
- ఉలవలు
- పెసలు

ఈ నాలుగూ వానాకాలపు పంటలే. వీటి అడవి రూపాలు భారతదేశంలోనే కలవు. అందువలన దక్షిణ భారతదేశం వ్యవసాయం స్వతంత్రంగా ఆరంభమైన ప్రాంతాలలో ఒకటి కావచ్చునని ఈ పరిశోధకులు ప్రతిపాదించారు. గోధుమ, బార్లీ శీతాకాలపు పంటలు. వాయవ్యం నుండి వచ్చిన ఇవి ఇక్కడి అవశేషాలలో తరువాతి దశలో, తక్కువ స్థలాలలో కనిపిస్తాయి.

మనిషి సాగు వలన గింజ స్వరూపం కూడా మారింది. అడవి గింజకు మందమైన పైపొర ఉండుటచే అది వెంటనే మొలకెత్తదు. ఏటా విత్తి, కోసి, మళ్ళీ విత్తే క్రమంలో పలుచని పొర గల గింజలే ఎక్కువగా మిగిలాయి. పురాతన ఉలవ గింజలను కోయకుండా శక్తివంతమైన ఎక్స్-కిరణాలతో పరిశీలించిన శాస్త్రజ్ఞులు ఈ మార్పును గుర్తించి, 2017లో వెల్లడించారు.

ఇతర ప్రాంతాల నుండి వచ్చినవి

సజ్జ, జొన్న, రాగి ఆఫ్రికా ఖండంలో పుట్టిన పంటలు. కంది మాత్రం తూర్పు భారతదేశానికి చెందినది. దాని అడవి బంధువు తూర్పు కనుమలలోను, బస్తర్ ప్రాంతంలోను పెరుగుతుంది. ఒడిషాలోని గోపాల్‌పూర్ తవ్వకాలలో క్రీ.పూ. 2వ సహస్రాబ్దికి చెందిన కంది గింజలు లభించాయి. వరి దక్షిణాదిన ప్రధానమైన పంట కావడం ఇనుప యుగం తరువాతి పరిణామం. గోదావరి డెల్టా నేటి వరి సీమగా మారుటకు 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ముఖ్య కారణం.

సామర్లకోట, చెరకు

చెరకు గడ మెత్తనిది కనుక ధాన్యపు గింజల వలె తవ్వకాలలో సులభంగా దొరకదు. దాని చరిత్రను ఎక్కువగా సజీవ జాతుల పోలికల ద్వారా తెలుసుకోవలసి వచ్చింది. లావు చెరకు న్యూగినీ ప్రాంతంలో సాగులోకి వచ్చింది. ఉత్తర భారతదేశపు సన్న చెరకు, ఆ లావు చెరకు రెల్లు గడ్డితో సంకరం చెందగా ఏర్పడినది.

19వ శతాబ్దం చివర గోదావరి డెల్టాలో ఎర్ర కుళ్ళు తెగులు చెరకు తోటలను నాశనం చేసింది. మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడు సి.ఎ. బార్బర్ దీనిని పరిశోధించాడు. 1902లో సామర్లకోటలో (ప్రస్తుతం కాకినాడ జిల్లా) చెరకు ప్రయోగ క్షేత్రం ఏర్పడింది. 1912లో కోయంబత్తూరులో నెలకొల్పిన చెరకు ప్రజనన కేంద్రానికి బార్బర్ తొలి అధిపతి అయ్యాడు. అక్కడ టి.ఎస్. వెంకటరామన్‌తో కలిసి లావు చెరకును రెల్లుతో సంకరం చేసి రూపొందించిన కో 205 రకం 1918లో విడుదలైంది. సన్న చెరకు జాతికి బార్బర్ పేరు మీదుగానే సకారం బార్బెరి అని పేరు పెట్టారు.

ప్రాముఖ్యత

తెగులు సోకినపుడు, వానలు తప్పినపుడు పంటలకు కావలసిన గుణాలు తరచుగా వాటి అడవి బంధువులలోను, మరుగున పడిన పాత రకాలలోను లభిస్తాయి. గోదావరి లంకలలో కలుపుగా కనిపించే రెల్లు చెరకుకు బలాన్నిచ్చింది. నాలుగు వేల ఏళ్ళ నాటి పొయ్యిలలో దొరికిన అండు కొర్రలు నేడు కొద్ది ప్రాంతాలలో మాత్రమే సాగవుతున్నవి. ఉలవలు మాత్రం ఉలవచారు రూపంలో తెలుగువారి భోజనంలో నిలిచి ఉన్నవి. చిరుధాన్యాలను మళ్ళీ ప్రోత్సహించుటకై ఐక్యరాజ్య సమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది.