స్కడ్డుల కింద బువ్వ

బొగ్గులు బాగనే రాజినయి, జర దగ్గరికి జరుగుండ్రి. క్యాంపుల నిప్పు పెట్టనియ్యరు గాబట్టే ఇట్ల ఇసుకలకు అచ్చుడు. ఈ దుబాయి డీఐపీల సలి ఉండేదే రెండు నెలలు, కాగుదాం.

కాకా, నువ్వు లడాయిల ఉన్నవట గదా అని అడిగినవు తమ్మీ. ఉన్న. లడాయి చేసినోళ్లు వేరే, నేను నడుమ ఉన్న. 2025 జూన్‌ల ఇరానోళ్లు ఖతర్‌ల అమెరికోళ్ల అల్ ఉదైద్ బేసు మీద మిసైళ్లు ఇడిసిన రాత్రి యాదికున్నదా? మీరందరు ఫోన్లు పట్టుకొని మేడ మీదికి ఉరికిండ్రు, ఏమన్న కనవడితె వీడియో తీద్దామని. నేను మెట్లు దిగి కిందికి పోయిన. నవ్విండ్రు నన్ను జూసి. నవ్వుండ్రి, తప్పేం లేదు. 2022 జనవరిల అబుదాబి ముసఫ్ఫాల దాడికి ఆయిల్ ట్యాంకర్లు పేలిననాడు సచ్చిన ముగ్గురిల ఇద్దరు మన దేశపోళ్లే. పొట్టకూటికి అచ్చినోళ్లే, నీ అసొంటోళ్లు, నా అసొంటోళ్లు.

నా ముచ్చట 1991ది. జగిత్యాల దిక్కు పల్లె మాది. ఇరవై నాలుగేండ్లోన్ని, కొత్తగ పెండ్లయినోన్ని, బొంబాయి ఏజెంటుకు అప్పు జేసి కట్టి సౌదీల దమ్మాం చేరుకున్న. ఒక కట్టుబడి కంపెనీ క్యాంపు మెస్సుల సాయం పని. ఉల్లిగడ్డలు కోసుడు, బియ్యం కడుగుడు, డేక్షలు తోముడు. ఉస్తాదు మలబారాయన. మెస్సు పని సంగతి మీకు ఎర్కే గదా, లోకమంత పండుకున్నప్పుడు మనం లేవాలె. రాత్రి రెండున్నరకు పొయ్యి అంటువెడితె నాలుగున్నరకు డబ్బాలు కట్టియ్యాలె.

అంతకు ముందే, 1990 ఆగస్టు 2న, ఇరాక్ సద్దాం కువైట్ మీద వడ్డడు. కువైట్‌ల అప్పుడు మన దేశపోళ్లు సుమారు లక్షా డెబ్బై వేలు. కడప, రాజంపేట దిక్కు ఊర్లకు ఊర్లే అక్కడ ఉండె, గోదావరి జిల్లాల ఆడోళ్లు అరబ్బుల ఇండ్లల్ల పనికి ఉండిరి. మా బామ్మర్ది గూడ అక్కడే, ఒక దుకాణంల. ఆళ్ల బతుకు ఒక్క పొద్దుల తలకిందులాయె. బ్యాంకులు బంద్, ఇచ్చే సేట్లు పరారు. బస్సులల్ల బాస్రా, బగ్దాద్ మీదికెళ్లి జోర్డాన్ సరిహద్దు దాక పోయి, ఎడారిల డేరాలల్ల నీళ్లకు లైన్లు కట్టి, అమ్మాన్ చేరుకున్నరు. ఆడికెళ్లి ఎయిరిండియా రెండు నెలలు ఒకటే మోత మోసింది, లక్షకు పైన మందిని బొంబాయిల దించింది. బామ్మర్ది ఒంటి మీది అంగీతోని దిగిండట. జీతం బాకీ ఆడనే వాయె.

మేం దమ్మాంల గూసొని, పాపం కువైటోళ్లు అనుకుంటుంటిమి. జనవరి 17 తెల్లారుజామున అమెరికా విమానాలు బగ్దాద్ మీద వడ్డయి. ధహ్రాన్ బేసు మా పక్కనే. విమానాలు లేత్తుంటె రేకుల షెడ్డు గడగడ వణికేది. మరునాడు తెల్లారకముందే మా దిక్కు ఇరాకోళ్ల మొదటి స్కడ్డు మిసైలు అచ్చింది.

సైరన్ ముందు మోగుతది. తర్వాత స్కడ్డును అడ్డుకునే అమెరికోళ్ల పేట్రియాట్ మిసైలు లేసే సప్పుడు, ఆ తర్వాత పైన పగిలే సప్పుడు. పగిలింది మనకు మంచిదే అనుకుంటం, గని ఆ ఇనుప ముక్కలు యాడికి పోతయి? మన నెత్తి మీదికే. అన్నిటికంటె ఎక్కువ భయం గ్యాసుది. సద్దాం విషపు గాలి ఇడుస్తడని అందరి నోట్ల అదే మాట. కొందరికి మాస్కులు అచ్చినయి, మా షెడ్డు దాక రాలే. కిటికీలకు ప్లాస్టిక్ కాయితం, చుట్టూ టేపు, తలుపు కింద తడి తువ్వాల, మూతికి ఇంకో తడి తువ్వాల. గంతే మా మాస్కు.

మొదటి రాత్రి సైరన్ మోగంగనే అన్నీ ఇడిసి ఉరికినం. పొయ్యి మీద పెద్ద డేక్ష అన్నం మాడి బొగ్గయింది. పొద్దుగాల డ్యూటీకి పోయేటోళ్లు తిట్టిన తిట్లు స్కడ్డు కంటె గట్టిగ తాకినయి. లడాయి ఉన్నా డ్యూటీ ఉండె మరి, ఆకలి ఉండె. అప్పటిసంది ఉస్తాదు ఒక కాయిదా పెట్టిండు. సైరన్ మోగితె ముందు గ్యాసు బంద్ జెయ్యాలె, గంజి వార్చాలె, మూత పెట్టాలె, అప్పుడు బల్ల కిందికి దూరాలె. స్కడ్డులు గూడ ఎక్కువ రాత్రిపూటనే అచ్చేటియి, సరిగ్గ మా పని యాల్లకే. మెల్లమెల్లగ గంజి వార్చుడు వరకే మిగిలింది, బల్ల కిందికి పోవుడు బందయింది. ధైర్యం అనుకోకుండ్రి. రోజూ భయపడుటానికి గూడ తీరిక ఉండాలె.

మాతోని విశాఖపట్నం దిక్కు ముసలి తాపీమేస్త్రి ఒకాయన ఉండె. ఆయన చిన్నప్పుడు, 1942 ఏప్రిల్ 6న, జపానోళ్ల విమానాలు విశాఖ మీద బాంబులేసినయట, అదే రోజు కాకినాడ మీద గూడ. జనం ఎడ్లబండ్లు కట్టుకొని పల్లెలకు పోయిండ్రని, ఆంధ్రా యూనివర్సిటీనే గుంటూరుకు తరలించిండ్రని చెప్పేటోడు. ఆయన మంచం మీదికెళ్లి లేవకపోయేది. "అప్పుడు మా నాన్న బండి కట్టాడు, మమ్మల్ని ఎక్కించుకుని పోయాడు. ఇప్పుడు బండి ఎవరు కడతారురా?" అనేటోడు. ఆ మాటకు ఎవలం జవాబు చెప్పలే.

ఎందుకంటే మా పాస్‌పోర్టులు కంపెనీ తిజోరీల ఉండె. వీసా ఇచ్చిన కఫీల్ సంతకం లేనిది ఎగ్జిట్ లేదు, ఎగ్జిట్ లేనిది విమానం లేదు. పెద్ద ఇంజినీర్లు, తెల్లోళ్లు పెండ్లాం పిల్లలను ముందే పంపిచ్చుకున్నరు. మేము అడిగితె, పని ఇడిసిపోతే బాకీ జీతం రాదు అన్నరు. ఊర్ల అప్పు మీద వడ్డీ పెరుగవట్టె, ఇక్కడ బాంబు. రెండిట్ల ఏది ముందు అని లెక్క జేసుకొని ఉండిపోయినం. మనమిప్పుడున్న ఈ దేశంల పాస్‌పోర్టు కంపెనోడు గుంజుకోవద్దని కానూను ఉన్నది. మీలో ఎందరి దగ్గర ఉన్నదో చేతులెత్తుండ్రి. సరే, దించుండ్రి.

ఇంటికి ఉత్తరం పోవాలంటె ఇరవై దినాలు. ఊర్ల ఫోను ఒక్క పోస్టాఫీసుల ఉండె. అందుకే క్యాసెట్‌ల మాట్లాడి, ఇంటికి పోయేటోని చేతికి ఇచ్చేది. ఒక రాత్రి టేపురికార్డు ముంగట గూసొని, ఇక్కడ ఏం లేదు, అంతా మంచిగనే ఉన్నది, రేడియోలోళ్లు ఊకె చెప్తరు అని మా ఆమెకు చెప్తున్న. నడుమల సైరన్. బటన్ ఒత్తుడు మర్సిన. సైరన్, ఉరుకుడు, ఉస్తాదు "గ్యాస్, గ్యాస్" అని ఒర్లుడు, అంతా ఎక్కింది. ఆయన చెప్పేది సిలిండర్ బంద్ జెయ్యిమని. ఊర్ల ఇన్నోళ్లకు గ్యాసు అంటె సద్దాం గ్యాసే! ఆ క్యాసెట్ చెరిపిన అనుకొని పంపిన, చెరగలేదు. మా అమ్మ కొండగట్టుకు ముడుపు కట్టింది, మా మామ ఏజెంటు ఇంటి మీదికి పోయిండు.

జనవరి ఆఖర్ల ఇంకో కష్టం. ఇరాకోళ్లు సముద్రంల చమురు ఇడిసిండ్రు, అది తెట్టె గట్టి జుబైల్ దిక్కు అస్తున్నదని వార్త. ఆడ తాగే నీళ్లు సముద్రంల నుంచే తీస్తరు గదా, ఆ మిషిన్లు బందయితె అందరికీ గొంతెండుడే. డ్రమ్ములు, బకెట్లు, ఖాళీ నూనె డబ్బాలు, అన్నిట్ల నీళ్లు నింపి పెట్టినం. చివరికి మిషిన్లను కాపాడిండ్రు.

ఫిబ్రవరి 25 రాత్రి మాత్రం ఇప్పటికీ మర్వ. ఖోబర్‌ల ఒక గోదామును అమెరికా సిపాయిలకు బస జేసిండ్రు. రేకుల షెడ్డే, మా అసొంటిదే. స్కడ్డు దాని మీద వడ్డది, 28 మంది సచ్చిండ్రు. పేట్రియాట్ ఆ యాల్ల అసలు లెవ్వనే లేదు. తర్వాత బయటవడ్డది, దాని కంప్యూటర్ నూరు గంటలకు పైన బంద్ జెయ్యకుండ నడిచిందట, లోపలి గడియారం సెకండుల మూడో వంతు తప్పిందట. మంట మాకు కనవడ్డది. ఆ రాత్రి గంజి వార్చినంక అందరం బల్ల కిందికి పోయినం, ఉస్తాదు గూడ.

28న లడాయి ఆగింది. గని ఇరాకోళ్లు కువైట్‌ల ఆరు వందలకు పైన చమురు బావులు అంటువెట్టి పోయిండ్రు, అవి నవంబర్ దాక ఆరలే. గాలి మా దిక్కు తిరిగిననాడు పట్టపగలు దీపం పెట్టి కూరగాయలు కోసినం. ఆరేసిన తెల్లంగీలు నల్లగయ్యేది. జులైల మన రూపాయి విలువ తగ్గించిండ్రు, రియాలుకు అయిదున్నర అచ్చేది ఏడుకు దగ్గరవడ్డది. దేశానికి కష్టమొస్తే నాకు అప్పు జల్ది తీరింది. ఏం లోకమో!

శానా ఏండ్లకు ఐక్యరాజ్యసమితోళ్లు ఇరాక్ చమురు పైసలల్లకెళ్లి కువైట్ ఇడిసి అచ్చినోళ్లకు నష్టపరిహారం ఇచ్చిండ్రు, ఒంటరోనికి రెండున్నర వేల నుంచి నాలుగు వేల డాలర్ల దాక. మా బామ్మర్దికి అచ్చినయి, రెండర్రల ఇల్లు కట్టుకున్నడు. నేను గూడ సెలవుకు పోయినప్పుడు ఒక దఫ్తర్‌కు పోయి అడిగిన, సార్, నేను గూడ బాంబుల కింద ఉంటి అని. ఆయన మంచోడే, కూసోమన్నడు. "ఏ తారీకున దేశం ఇడిసి అచ్చినవు?" అన్నడు. నేను ఇడువలే సార్, ఆడనే వంట జేసిన అన్న. "మరి ఇది ఇడిసి అచ్చినోళ్లకు గదనయ్యా" అని కాయితాలు నా చేతికే వాపసిచ్చిండు.