సయాం–బర్మా రైలుమార్గం, తెలుగు కూలీలు: దస్త్రాల్లో దొరికే జాడ

రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాన్ సైన్యం థాయిలాండ్‌లోని బాన్ పాంగ్ నుంచి బర్మాలోని థన్‌బ్యుజాయత్ దాకా 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయించింది. 1942లో మొదలైన పని 1943 అక్టోబరులో ముగిసింది. అరవై వేలకు పైగా మిత్రపక్ష యుద్ధఖైదీలతో, అంతకు మూడు నాలుగింతల మంది ఆసియా కూలీలతో ఈ పని చేయించారు. జపాన్ వారు రొముషా అని పిలిచిన ఈ కూలీల్లో మలయా తోటల నుంచి వచ్చిన తమిళులు, వారితో పాటు తెలుగువారు ఉన్నారు.

మలయాకు తెలుగు కూలీలు ఎక్కువగా విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల నుంచి, కొంత చిత్తూరు వైపు నుంచి కంగాణీల (కూలీలను కూడగట్టి తీసుకెళ్ళే మేస్త్రీల) వెంట వెళ్ళారు. 1931 జనగణన అక్కడ 32 వేల పైచిలుకు తెలుగువారిని విడిగా లెక్కించింది. దిగువ పేరాక్ కొబ్బరి తోటల్లో వాళ్ళ ఊళ్ళే వెలిశాయి. 1938లో భారత ప్రభుత్వం కూలీల వలసను ఆపేసింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయాక రబ్బరు కొనేవాడు లేకుండా పోయాడు, బియ్యం కరువయ్యాయి. మూడు నెలల పని, రోజుకు డాలరు కూలి, తిండి ఉచితం అన్న మాట ఆ ఆకలిలో వినబడింది. నమ్మి వెళ్ళినవాళ్ళు తిరిగి రాకపోవడంతో మరెవరూ ముందుకు రాలేదు. అప్పుడు తోటకు ఇంతమంది అని నిర్ణయించి పట్టుకెళ్ళారు. ఉచిత సినిమా అని పిలిచి, తలుపులు మూసి, లారీలెక్కించారని బతికొచ్చినవారు చెప్పారు. కాగితం మీద ఇది ఒప్పందపు కూలి; జరిగింది మాత్రం వెట్టి.

1943 వానాకాలంలో కలరా వచ్చింది. ఖైదీల శిబిరాల్లో సొంత వైద్యులు, అధికారులు ఉన్నారు. నీళ్ళు కాచి తాగాలన్న కట్టడి, మరుగుదొడ్ల ఏర్పాటు, చనిపోయినవారి పేర్ల పట్టిక వాళ్ళ చేతుల్లోనే ఉండేవి. కూలీల శిబిరాల్లో ఆ మూడూ లేవు. అందుకే ఒకే మార్గంలో, ఒకే రోగానికి పోయినవారిలో ఒకరికి పేరు మిగిలింది, మరొకరికి మిగల్లేదు. 1945 శరత్కాలంలో మిత్రపక్షాల చిన్న బృందం దారి పొడవునా తిరిగి 144 శ్మశానాల్లో పది వేలకు పైగా ఖైదీల సమాధులను గుర్తించింది. కూలీల కోసం అలాంటి గాలింపు జరగలేదు.

ఇక దస్త్రాల సంగతి. సింగరేణి బావుల్లో మస్టరు ఎలాగో, రబ్బరు తోటల్లో చెక్‌రోల్ అలాగ: పేరు, హాజరు, కూలి అందులోనే. ఆ చిట్టాలు ఎక్కువగా యుద్ధంలో పోయాయి. మిగిలినవాటిలోనూ పేరు గుమాస్తా చెవికి తోచినట్టు ఇంగ్లీషులోకి ఎక్కింది, ఇంటిపేరు పడిపోయింది. ఒక అప్పన్న, ఒక రామన్న ఏ జిల్లావాడో తేల్చడానికి పక్కన ఊరి పేరైనా ఉండాలి. ఖైదీలు రహస్యంగా రాసుకున్న దినచర్యలు మరో ఆధారం. మలయాలో పనిచేసిన వైద్యుడు రాబర్ట్ హార్డీ దినచర్యలో కూలీల దుస్థితి కనిపిస్తుంది. అయితే ఖైదీల రాతల్లో భారతీయ కూలీలందరూ సాధారణంగా ‘తమిళులే’. తెలుగువాడు అక్కడే మాయమయ్యాడు.

లొంగిపోయే ముందు జపాన్ సైన్యం చాలా కాగితాలు తగలబెట్టింది. యుద్ధానంతరం చలామణిలోకి వచ్చిన లెక్క ప్రకారం మలయా నుంచి వెళ్ళినవారు 78 వేల పైచిలుకు, చనిపోయినవారు సుమారు 30 వేలు, పారిపోయినవారు 24 వేల పైచిలుకు. ఈ చివరి గడిని జాగ్రత్తగా చదవాలి. దట్టమైన అడవిలో, తెలియని భాషల మధ్య, జ్వరంతో శిబిరం దాటినవాడు ఇల్లు చేరాడో, బాట పక్కన కూలిపోయాడో చూసి రాసినవారు లేరు. కనబడనివాడల్లా పారిపోయినవాడే. మరణాల సంఖ్య ఇంకా ఎక్కువని చరిత్రకారులు అనడానికి ఇదొక కారణం.

యుద్ధనేరాల విచారణ ఫైళ్ళు లండన్ శివారు క్యూలోని జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. వాటిలో ఖైదీలపై జరిగిన నేరాలదే పెద్ద వాటా. సింగపూర్ జాతీయ అభిలేఖాగారం సేకరించిన మౌఖిక చరిత్రలు జపాన్ పాలనాకాలపు అనుభవాలకు విలువైన వనరు. బర్మా వైపు పరిస్థితి ఇంకా కష్టం. రంగూన్ రేవులో, మిల్లుల్లో తెలుగువారు ఎక్కువగా పనిచేసేవారు. 1942లో భారతీయులు లక్షలాదిగా కాలినడకన దేశానికి బయల్దేరారు. 1941 బర్మా జనగణన పత్రాలు చాలావరకు యుద్ధంలో నశించినందున, వెనుక ఉండిపోయినవారిని పోల్చి చూడటానికి 1931 లెక్కలే దిక్కు.

1951 శాన్‌ఫ్రాన్సిస్కో ఒప్పందం 16వ అధికరణం కింద జపాన్ ఆస్తుల సొమ్ము రెడ్‌క్రాస్ ద్వారా మాజీ యుద్ధఖైదీలకు, వారి కుటుంబాలకు అందే ఏర్పాటు జరిగింది. తోట కూలీలు ఆ నిర్వచనంలోకి రారు. అందువల్ల పరిహారం కోసం తయారైన పేర్ల జాబితాలు సైనికుల కుటుంబాలకు వెతకడానికి పనికొస్తాయి, కూలీల వారసులకు కాదు. వారు చేయగలిగింది వెనక నుంచి రావడం: మలేసియాలోని బంధువుల నోట తోట పేరు, కంగాణీ పేరు తెలుసుకుని, దాన్ని పట్టుకుని ఆ తోట కంపెనీ పత్రాల్లో వెతకడం.