యానాం పాత కట్టడాలు – దూరదేశాలలోని మనవారి చేయూత

గౌతమీ గోదావరి నుండి కోరింగ పాయ విడివడే చోట, సుమారు 30 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన యానాం 1723లో ఫ్రెంచివారి వర్తక స్థావరంగా మొదలైనది. నడుమ కొన్ని మార్లు ఇంగ్లీషువారి వశమైనను, 1954 వరకు ప్రధానంగా ఫ్రెంచి ఏలుబడిలోనే కొనసాగినది. ఆ కాలానికి సాక్ష్యంగా నిలిచిన కట్టడాలలో 1846లో పూర్తయిన సెయింట్ ఆన్స్ కేథలిక్ చర్చి ముఖ్యమైనది. దానితోపాటు పెద్ద అరుగులు, టేకు స్తంభాలు గల పాత లోగిళ్ళను కూడా లెక్కించవలసి ఉన్నది. 1929 నాటి శారదా చట్టం ఫ్రెంచి భూమిలో చెల్లనందున బాల్యవివాహాలు జరిపించుటకు సరిహద్దు దాటి వచ్చినవారు ఎందరో. యానాంకు కల్యాణపురమని పేరు వచ్చినది అందువల్లనే. నీలపల్లి, ఇంజరం, ఎదుర్లంక, మురమళ్ల గ్రామాల వృద్ధులలో తమ పెద్దల పెళ్ళి యానాంలో జరిగినదని చెప్పేవారు ఇప్పటికీ లేకపోలేదు.

ఈ ఊరి నుండి జనం తరలిపోయిన దారులు వేర్వేరు. 1828లోనే ఇక్కడి రేవు నుండి తెలుగు కూలీలను హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవికి ఓడలలో తీసుకుపోయారు. పొరుగున ఉన్న కోరింగ రేవు పేరు మారిషస్‌లో తెలుగువారికే పేరుగా మారినది. వారి సంతతి అక్కడ ఆలయాలు కట్టుకొని నిలదొక్కుకున్నది గాని, వారిలో అధికులకు ఇక్కడి ఇంటిపేరు, గ్రామం తెలియవు. తరువాతి కాలపు కుటుంబాల సంగతి వేరు. 1962 ఆగస్టు 16న విలీన ఒప్పందం అమలులోకి వచ్చినప్పుడు ఫ్రెంచి పౌరసత్వం కోరుకొనుటకు 6 నెలల గడువు ఇచ్చారు. అలా కోరుకొని ఫ్రాన్సులో స్థిరపడినవారికి ఇక్కడ ఇల్లు, సమాధులు, బంధుత్వాలు మిగిలి ఉన్నవి. ఇక గల్ఫు దేశాలలో పనిచేసే కోనసీమ వారి సంగతి పాఠకులకు చెప్పనక్కరలేదు.

పాత కట్టడం నిలబడుటకు వీరందరి సహాయం అక్కరకు వచ్చేదే. అయితే సొమ్ము పంపినవాడెవరు, పుచ్చుకొనేదెవరు అన్నదానిని బట్టి చట్టం మారుతుంది. ఇది తెలియక ఇబ్బంది పడగల గ్రామ కమిటీల కోసమే ఈ వివరం.

భారత పాస్‌పోర్టు గల ప్రవాసి, అనగా కువైటులోనో మస్కటులోనో పనిచేసే మన బిడ్డ, తన సంపాదన నుండి బ్యాంకు ద్వారా పంపినది విదేశీ విరాళం కాదు. ఫ్రెంచి పౌరుడు పంపినది విదేశీ విరాళమే. అతని చేతిలో ఓసీఐ కార్డు ఉన్నా సరే. దానిని గుడి, చర్చి, మసీదు కమిటీ గాని, ట్రస్టు గాని పుచ్చుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద నమోదు లేదా ముందస్తు అనుమతి ఉండాలి. 2020 సవరణ తరువాత ఆ సొమ్ము ముందుగా న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాకే చేరాలి. ఉల్లంఘిస్తే 5 ఏండ్ల వరకు జైలు శిక్ష పడవచ్చును. సొంత ఇంటి మరమ్మతుకు చట్టం నిర్వచించిన దగ్గరి బంధువు పంపితే ఈ నమోదు అక్కరలేదు. ఏడాదిలో 10 లక్షల రూపాయలు మించినప్పుడు మాత్రం 3 నెలలలోగా కేంద్ర ప్రభుత్వానికి తెలియజేయాలి. 2022కు పూర్వం ఈ పరిమితి లక్ష రూపాయలే.

సొమ్ము కన్న కష్టమైనది హక్కు పత్రం. పంపకం జరగని ఇంటికి ఒక వారసుడు యానాంలో, ఒకరు పుదుచ్చేరిలో, మరొకరు పారిస్‌లో ఉంటే పెంకు మార్చుటకు కూడా పూనుకొనేవారుండరు. వాన కారుతుంది, దూలం చెదలు పడుతుంది, చివరకు స్థలం ధరకే ఇల్లు పోతుంది. పై సంతకం చేయలేని వారసుడు పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వవచ్చును. దానిని భారత రాయబార కార్యాలయంలోనో, కాన్సులేటులోనో ధ్రువపరచాలి. రీయూనియన్ వాసులకు సెయింట్ డెనిస్‌లోనే కాన్సులేటు కలదు. పత్రం భారతదేశం చేరిన 3 నెలలలోగా స్టాంపు రుసుము చెల్లించాలి. 1881 నాటి ఆజ్ఞ ప్రకారం స్వీయ ధర్మశాస్త్రాన్ని వదులుకున్న కుటుంబాలకు వారసత్వం పాత ఫ్రెంచి సివిల్ కోడును అనుసరిస్తుంది గనుక, పంపకానికి ముందు ఆ విషయం ఎరిగిన న్యాయవాదిని అడుగుట మేలు.

ఈ చిక్కునకు చైనావారు ఒక దారి చూపారు. అమెరికా, కెనడాలకు వలసపోయినవారు పంపిన ధనంతో కైపింగ్ ప్రాంతంలో కట్టిన బురుజు ఇళ్ళు వారసులు దూరమై తాళాలు పడి ఉండగా, పలువురు యజమానులు హక్కు తమవద్దనే ఉంచుకొని నిర్వహణను స్థానిక ప్రభుత్వానికి అప్పగించారు. 2007లో అవి ప్రపంచ వారసత్వ జాబితాకెక్కినవి. మనకు దగ్గరగా పుదుచ్చేరిలో ఇంటాక్ సంస్థ, ఇంటి యజమానులు ఖర్చు పంచుకొని వైశ్యుల వీధి ఇళ్ళ ముఖభాగాలను బాగుచేశారు. అదే పట్టణంలో పాత మేరీ భవనం పట్టించుకొనే దిక్కు లేక 2014 నవంబరు వానలకు కూలి, పిమ్మట కొత్తగా పాత రూపుననే కట్టవలసి వచ్చినది.

పని చేయించేటప్పుడు జరిగే పొరపాటు సిమెంటు. దూరాన ఉన్నవారు పంపిన డబ్బు తొందరగా కంటికి కనబడాలని గానుగ సున్నపు గోడపై సిమెంటు పూత వేయిస్తారు. గోదావరి వరదనీరు, సముద్రపు ఉప్పుగాలి తగిలే ఈ నేలలో గోడ పీల్చిన తేమ బయటికి పోలేక లోపల ఇటుక పొడి అవుతుంది. సున్నపు పని తెలిసిన మేస్త్రి దొరకుట కష్టమే గాని, పదేండ్లకు చూస్తే అదే చౌక. ఏటా వానలకు ముందు పెంకు సర్దించి, చూరు గొట్టాలు శుభ్రం చేయించుటకు కొద్దిపాటి సొమ్ము క్రమంగా పంపేవాడు, ఒక్కసారిగా లక్షలు పంపినవాని కన్న ఎక్కువ మేలు చేసినవాడవుతాడు.

డబ్బు లేనివారు పంపగలిగినది కూడా ఉన్నది. పాత దస్తావేజుల నకళ్ళు, ఇంటి ముందు తీయించుకున్న ఛాయాచిత్రాలు అధికంగా బయటి ఊళ్ళలోని పెట్టెలలోనే ఉన్నవి. అరుగు ఎంత ఎత్తున ఉండేదో, తలుపు ఎటువైపు తెరుచుకొనేదో మేస్త్రికి చెప్పగలిగేవి అవే. జనన, వివాహ, మరణ నమోదులు కావలసినవారు ఫ్రాన్సులోని ఏక్స్-ఆన్-ప్రొవాన్స్ పట్టణంలో గల సముద్రాంతర ప్రాచీన పత్రాలయం వారి వెబ్‌సైటులో యానాం పేరిట వెదకవచ్చును; ఫ్రెంచిలో యనవోన్ అని ఉంటుంది.