రేనాటి వీరగాథ – వికీ పుట – గాయకుని గొంతు: వికీ బ్లాగు సాఫ్ట్‌వేర్‌లో ధ్వని చేరిన క్రమం, ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

మౌఖిక వీరగాథకు ఒకే పాఠం ఉండదు. పాడిన ప్రతిసారీ ఒక పాఠం పుడుతుంది. అచ్చు పుస్తకం ఆ పాఠాలలో ఒకదానిని స్థిరపరచి గొంతును వదిలివేసింది. కోయిలకుంట్లలో 1847లో ఉరితీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గాథను ఉదాహరణగా తీసుకొని, వికీ, బ్లాగు, పాడ్‌కాస్ట్ అనే మూడు సాధనాలు ఒకే సాఫ్ట్‌వేర్‌లో కలిసిన క్రమాన్నీ, ఆ కలయిక జానపద పరిశోధనకు కల్పించే అవకాశాన్నీ, మోపే బాధ్యతనూ ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: రేనాడు, కోయిలకుంట్ల, వీరగాథ, పాఠాంతరం, వికీ, పాడ్‌కాస్ట్, ఐకీవికీ.

1. ఉపోద్ఘాతం

రేనాడు తెలుగు లిపి చరిత్రలో తొలి పుటల్లో కనిపించే ప్రాంతం. రేనాటి చోళుల కలమళ్ళ శాసనం తెలుగులో లభించిన తొలి గద్యశాసనాలలో ఒకటిగా ప్రసిద్ధం. అదే రేనాటి చరిత్రలో అతి ముఖ్యమైన ఒక ఘట్టం మాత్రం ప్రజల నోళ్ళలో పాటగానే నిలిచింది. 1846 జూలైలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి అనుచరులతో కోయిలకుంట్ల ఖజానాపై దాడి చేశాడు. తవర్జీ అనే భరణం, ఇనాం భూములు, పాలెగాళ్ళ హక్కులు ఆ తిరుగుబాటు వెనుక ఉన్న కారణాలు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో అతన్ని ఉరితీశారు.

ఈ ఘట్టానికి రెండు సాక్ష్యాలున్నాయి. ఒకటి కంపెనీ అధికారుల లేఖలు. అప్పటికి కోయిలకుంట్ల కడప జిల్లాలో ఉండేది. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 2022 నుండి నంద్యాల జిల్లాలో ఉంది. కాబట్టి ఆనాటి కాగితాలను పరిశోధకుడు కడప జిల్లా పేరిట వెతకవలసి వస్తుంది. రెండవ సాక్ష్యం పాట. జిల్లాల పేర్లు మారినా అది రేనాటి పల్లెలలోనే నిలిచింది. మొదటి సాక్ష్యానికి తేదీ, సంతకం, దస్త్రం ఉన్నాయి. రెండవదానికి అవి లేకపోవడం వల్లనే చరిత్ర రచనలో పాటకు రెండవ పీట దక్కింది. పాటకు కూడా తేదీని, కర్తను, భద్రస్థానాన్ని ఇవ్వగల సాధనం ఏది? ఈ వ్యాసానికి మూలమైన ప్రశ్న ఇదే.

2. గాథ కాగితమెక్కిన తీరు

తెలుగు వీరగాథలను కాగితం మీదికి తెచ్చిన తొలి ప్రయత్నాలలో జె.ఎ. బాయిల్ 1874లో ‘ఇండియన్ ఆంటిక్వరీ’ పత్రికలో ప్రకటించిన వ్యాసం ఒకటి. సర్వాయి పాపని గాథ పండితలోకానికి చేరింది ఆ వ్యాసం ద్వారానే. తరువాతి కాలంలో తంగిరాల వెంకట సుబ్బారావు తెలుగు వీరగాథలపై చేసిన కృషి, ‘రేనాటి సూర్యచంద్రులు’ గ్రంథం ఈ ప్రాంతపు గాథలకు విద్యాలోకంలో స్థానం కల్పించాయి. ఈ సంకలనకర్తల శ్రమ లేకపోతే ఈనాడు చర్చించడానికి పాఠమే ఉండేది కాదు.

అయితే అచ్చుకు కొన్ని పరిమితులున్నాయి. ప్రధాన గాయకుడు ఎక్కడ ఆగాడు, వంతలు ఎక్కడ అందుకున్నారు, వింటున్నవారి ఊరు పేరు వచ్చినప్పుడు పాట ఎంత సాగింది అన్నవి అక్షరాలకు అందవు. అంతకంటె ముఖ్యమైన నష్టం మరొకటి. పది మంది పాడిన పది పాఠాలలో ఒకటి ‘మూలం’ అవుతుంది. మిగిలినవి అధోజ్ఞాపికలకు దిగుతాయి, లేదా పూర్తిగా మరుగున పడతాయి.

ధ్వనిని వేరుగా భద్రపరచిన ప్రయత్నాలూ లేకపోలేదు. గ్రియర్సన్ భాషాసర్వేక్షణకు అనుబంధంగా తీసిన గ్రామఫోన్ రికార్డులలో తెలుగూ ఉంది. మద్రాసు రాజధాని రికార్డుల పాఠాలను ఎ. బటర్‌వర్త్ 1927లో పుస్తకంగా కూర్చాడు. ఇక్కడ గొంతు ఒక పళ్ళెంలో, పాఠం ఒక పుస్తకంలో ఉన్నాయి. ఆ రెండూ ఒక్కచోట చేరితేనే దేనికైనా అర్థం. ఒకటి దూరమైతే రెండవది సగం మూగబోతుంది.

3. వికీ, బ్లాగు: రెండు స్వభావాలు

1995 మార్చి 25న వార్డ్ కన్నింగ్‌హామ్ తొలి వికీని ప్రారంభించాడు. చదివేవాడే దిద్దవచ్చుననేది దాని మూలసూత్రం. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైనప్పటి నుండి తెలుగు పాఠకులకు ఈ పద్ధతి పరిచితమే. వికీలో ఒక విషయానికి ఒక పుట ఉంటుంది. పాత కూర్పులు పుట చరిత్రలో భద్రంగా ఉన్నా, పాఠకుని కంటికి కనబడేది చివరి కూర్పు. వికీ లక్ష్యం ఏకాభిప్రాయం.

బ్లాగు స్వభావం వేరు. ప్రతి రచనకూ తేదీ, కర్త ఉంటారు. కొత్త రచన పాతదాన్ని తుడిచివేయదు, దానికి పైన చేరుతుంది.

మౌఖిక సాహిత్య దృష్టితో చూస్తే ఈ భేదం కీలకం. గాథ పాడడం బ్లాగు వంటిది. నిన్నటి పాట తప్పని నేటి పాట చెప్పదు. గాథపై పరిశోధన వికీ వంటిది. పదార్థం, స్థలనిర్ణయం, కాలనిర్ణయం పదిమంది దిద్దుకుంటూ పోవలసినవి. ఒక్క వికీ మాత్రమే ఉంటే పాఠాంతరాలు ‘దిద్దుబాట్లు’గా మారి మరుగున పడతాయి. ఒక్క బ్లాగు మాత్రమే ఉంటే పాటలు పోగవుతాయి గాని, వాటి మధ్య పోలిక పెరగదు. రెండూ కలిసిన సాధనం అవసరమనడానికి ఇదే ఆధారం.

4. పుటకు గొంతు జతపడిన క్రమం

2000 డిసెంబరులో డేవ్ వైనర్ రూపొందించిన ఆర్‌ఎస్‌ఎస్ 0.92లో ‘ఎన్‌క్లోజర్’ అనే అంశం చేరింది. ఉత్తరంతో పాటు కవరులో పెట్టే జతకాగితం వంటిది ఇది. ధ్వనిఫైలు చిరునామా, దాని పరిమాణం, దాని రకం అనే మూడు వివరాలను ఇది తెలుపుతుంది. ఫీడ్‌ను అనుసరించే శ్రోత సాధనం ఆ చిరునామాను చదివి ఫైలును తనంతట తానే తెచ్చుకుంటుంది. ‘పాడ్‌కాస్టింగ్’ అనే మాటను బెన్ హామర్‌స్లీ 2004 ఫిబ్రవరిలో ‘గార్డియన్’ పత్రికలో వాడాడు. 2005 జూన్‌లో ఐట్యూన్స్ పాడ్‌కాస్ట్‌లను చేర్చుకున్నాక ఈ ప్రక్రియ బహుళప్రచారం పొందింది.

వికీనీ బ్లాగునూ కలిపిన సాఫ్ట్‌వేర్‌లలో ఐకీవికీ గమనించదగినది. జోయి హెస్ 2006లో దీనిని పెర్ల్ భాషలో రాయడం ప్రారంభించాడు. ఇందులో పుటలు సాదా పాఠ్యఫైళ్ళు. వాటి మార్పుల చరిత్రను గిట్, సబ్‌వెర్షన్ వంటి కూర్పునియంత్రణ సాధనాలు భద్రపరుస్తాయి. బ్లాగు అంటే ఇందులో ప్రత్యేక వ్యవస్థ కాదు. కొన్ని వికీ పుటలను తేదీల వరుసలో ఒకచోట చేర్చి చూపే మరొక పుట మాత్రమే.

ఇందులో పాడ్‌కాస్ట్ రెండు దశలలో స్థిరపడింది. తొలి పద్ధతిలో ధ్వనిఫైలును బ్లాగు పుటల మధ్య ఉంచితే చాలు, ఆ ఫైలే ఫీడ్‌లో ఒక అంశంగా చేరుతుంది. ఇది సులభమే గాని, ఆ ఫైలు పక్కన వివరణకు చోటు లేదు. 2013లో వచ్చిన మార్పుతో పుట వివరాలలోనే ఎన్‌క్లోజర్‌ను పేర్కొనే వీలు కలిగింది. అప్పటి నుండి పుట ప్రధానమైంది, గొంతు దానికి జతపడింది. కర్త పేరు, పరిచయం, వివరణ, పాఠం అన్నీ ధ్వనితో కలిసి ప్రయాణించసాగాయి. 1927లో పళ్ళెం, పుస్తకం అని విడిపోయినవి ఇక్కడ ఒకే అంశంగా కలిశాయి. సాంకేతికంగా చిన్నదైన ఈ మార్పు జానపద పరిశోధకునికి పెద్దది. వివరం లేని రికార్డింగు సేకరణ అవుతుంది గాని సాక్ష్యం కాదు.

5. రేనాటి గాథకు అన్వయం

నరసింహారెడ్డి గాథను ఉయ్యాలవాడలో ఒకరు, కోయిలకుంట్లలో మరొకరు పాడారనుకుందాం. ఒక్కొక్క గానానికి ఒక్కొక్క తేదీ పుట ఏర్పరచి, గాయకుని పేరు, స్థలం, సందర్భం, పాఠం రాసి ధ్వనిని జతచేయాలి. ఈ పుటలలో లిప్యంతరీకరణ దోషాలు తప్ప మరేవీ దిద్దరాదు. వీటన్నిటికీ లంకెలున్న మరొక పుటలో పాఠాంతరాల పోలిక, స్థలనామాలు, అధికారుల లేఖలతో సరిచూడడం సాగాలి. దానిని ఎవరైనా దిద్దవచ్చు. అప్పుడు పాట సాక్ష్యంగా, పరిశోధన చర్చగా తమ తమ చోట్ల నిలుస్తాయి.

రెండు సాంకేతిక జాగ్రత్తలు అవసరం. మొదటిది, కూర్పునియంత్రణ సాధనాలు పాఠ్యానికి అనువైనవి. పెద్ద ధ్వనిఫైళ్ళను వాటిలో నేరుగా ఉంచితే భండారం బరువెక్కుతుంది. జోయి హెస్ 2010లో ప్రారంభించిన గిట్-అనెక్స్ ఈ సమస్యకు ఒక పరిష్కారం. అది ఫైలు గుర్తును మాత్రమే గిట్‌లో ఉంచి, ఫైలును వేరుచోట నిలుపుతుంది. రెండవది ఫైలు రూపం. ఎంపీ3 పేటెంట్ల కాలం 2017 నాటికి ముగిసింది. అంతకుముందు వికీమీడియా కామన్స్ వంటి స్వేచ్ఛాభండారాలు ఎంపీ3ను కాక ఆగ్ వంటి రూపాలనే అంగీకరించేవి. చిరకాలం నిలవవలసిన సేకరణకు బహిరంగ రూపమే మేలు.

ఈ రెండింటికంటె బరువైనది నైతిక బాధ్యత. అచ్చులో గాయకుని పేరు తరచు ముందుమాటలోని కృతజ్ఞతలకు పరిమితమైంది. ఇక్కడ అతన్ని కర్త స్థానంలో పేర్కొనే వీలుంది. ఆ వీలును వాడుకోకపోతే ఆ తప్పు పరిశోధకునిదే. మరొక విషయం. ఫీడ్ ద్వారా ఒకసారి వెళ్ళిన ధ్వని శ్రోతల వద్ద మిగిలిపోతుంది. పుటను తొలగించినా పాత కూర్పు చరిత్రలో ఉండవచ్చు. పాడినవారు తరువాత వద్దనుకుంటే పూర్తిగా వెనక్కు తీసుకోవడం సాధ్యం కాదు. ఈ సంగతిని రికార్డు చేయకముందే వారికి అర్థమయ్యే మాటలలో చెప్పి అంగీకారం పొందాలి.

6. ముగింపు

వికీ బ్లాగుకు పాడ్‌కాస్ట్ జతకావడం పైకి ఒక సాఫ్ట్‌వేర్ సౌకర్యం. చరిత్రదృష్టితో చూస్తే, పాఠం, పాఠాంతరం, గొంతు అనే మూడింటినీ విడదీయకుండా భద్రపరచే అవకాశం. కోయిలకుంట్ల ఖజానాపై దాడిని గురించి అధికారులు రాసిన లేఖలకు తేదీ, సంతకం ఉన్నాయి. అదే ఘటనను పాడే గాయకునికీ అవి దక్కినప్పుడే రెండు సాక్ష్యాలను ఒకే త్రాసులో తూచగలం. సాధనం సిద్ధంగా ఉంది. తెలుగు శాఖలూ, పరిశోధకులూ చేయవలసిన పని పల్లెలకు వెళ్ళి వినడం, విన్నదాన్ని పాడినవారి పేరుతో నిలపడం.