ఖడ్గమునకు పరుజును ఒరయు: దక్కను జపాను సంప్రదాయములు

ఖడ్గచరిత్రమును వ్రాయువారు తరచుగా అలుగును గూర్చియే వ్రాయుదురు. ఉక్కు ఎచటిది, వాదర యెట్టిది, కమ్మరి యెవడు అనునవియే వారి ప్రశ్నలు. చేత బట్టెడి పరుజును, నడుమున వ్రేలెడి ఒరయు కేవలాలంకారములుగా నెంచబడి మూల బడుచున్నవి. ఇందువలన దక్కను ఖడ్గముల కాలనిర్ణయమే దారితప్పు ప్రమాదము గలదు. అలుగు, పరుజు, ఒర యను మూడును వేర్వేరు చేతులలో, వేర్వేరు దేశములలో, ఒక్కొక్కప్పుడు వేర్వేరు శతాబ్దములలో బుట్టినవి కావచ్చును. వీనిని వేర్వేరుగా జదువవలె నని చూపుటయే యీ వ్యాసోద్దేశము.

మొదట శబ్దములను విచారింతము. సంస్కృతమున పిడికి త్సరు వనియు, ఒరకు కోశ మనియు బేళ్లు. పాణిని యష్టాధ్యాయి నాల్గవ యధ్యాయమున నొకే సూత్రముచేత మూడు రూపములు సిద్ధించుచున్నవి: కులశబ్దమునుండి శునకార్థమున కౌలేయకము, కుక్షిశబ్దమునుండి ఖడ్గార్థమున కౌక్షేయకము, గ్రీవాశబ్దమునుండి భూషణార్థమున గ్రైవేయకము. కుక్షి యనగా కడుపు, లోపలి చోటు. కడుపుప్రక్క వ్రేలునది యనియైనను, ఒర యను గర్భమున నుండునది యనియైనను అర్థము చెప్పవచ్చును. ఏది గ్రహించినను ఖడ్గమున కీ పేరు ఉక్కునుబట్టి గాక యుండు తావునుబట్టి వచ్చినదే. తెనుగున ఒక యొరలో రెండు కత్తు లిమడవను సామెతయు నిట్టిదే. ఒర యొక్క యలుగునకే కొలిచి చేయబడును. మరియొకదాని కది పరాయిది.

ఇక చరిత్రము. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో గరగించి ఉక్కు దీయు విధమును హెన్రీ వాయిసీ యను ఆంగ్లవైద్యుడు వర్ణించెను. ఆ రచన 1832వ సంవత్సరమున బంగాళా ఏషియాటికు సంఘపత్రికలో వెలువడినది. ఆ యుక్కును గొనుటకు పారసీక వర్తకు లచటికి వచ్చుచుండిరి. పారసీకమున దీర్చిన యలుగులు మరల హిందూదేశమునకు వచ్చి యిచటి పరుజులను దొడుగుకొన్నవియు గలవు. అట్టి ఖడ్గమునకు జన్మదేశ మేది?

ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము ఫిరంగి. తెనుగున నీ పదమునకు శతఘ్ని యని యర్థము. మహారాష్ట్రాది దక్కను ప్రాంతములందు దీనికి విదేశపు అలుగు గల నిడుపాటి ఖడ్గ మని యర్థము. 16, 17 శతాబ్దులలో పోర్చుగీసులు మొదలగువారు తెచ్చిన ఐరోపా యలుగులకు దక్కను పనివారు బుట్టవలె చేతిని గప్పు పరుజులను అమర్చిరి. పరుజు చివర నొక కమ్మిని నిలిపి రెండవ చేతికిని పట్టు గల్పించిరి. కొన్నిటికి అలుగు మొదట బలమునకై యినుపపట్టీలు చేర్చిరి. అలుగు పరదేశి, పట్టు స్వదేశి.

తల్వారు పరుజు సాధారణముగా నినుముతో నంతయు నొకటిగా జేయబడును. లోన డొల్ల యుండును. అందు లక్కవంటి జిగురుపదార్థమును నింపి, వేడిచేసి, అలుగు తోకను దూర్తురు. చల్లారినపిదప నది బిగియును. పరుజును మార్చవలె నన్న మరల వేడిచేసినచో చాలును. ఇంత సులభముగా మారునది అలుగునకు సాక్ష్యము గాజాలదు. ఒరయో, పలుచని రెండు చెక్కలను జతపరచి పైని తోలో ముఖమలో కప్పినది. నూరేండ్లలో నెన్నిమారులైనను మారవచ్చును.

జపాను సంప్రదాయముతో బోల్చిన నీ విషయము మరింత తేటపడును. అందులకు దూర మేగ నక్కరలేదు. యాదగిరిగుట్టకు సుమారు 60 కిలోమీటర్ల దూరమున హైదరాబాదునందు, 1951వ సంవత్సరమున దెరువబడిన సాలారుజంగు సంగ్రహాలయమున, మన యాయుధములును జపాను ఖడ్గములును ఒకే కప్పుక్రింద నున్నవి.

జపానున పిడికి త్సుకా యని పేరు. త్సరుశబ్దముతో నాద్యక్షరసామ్యము యాదృచ్ఛికమేగాని సంబంధసూచకము గాదు. తోకకు సరిపడునట్లు తొలిచిన రెండు కొయ్యచెక్కలు, వానిపై కొరడావంటి తోకగల బల్లపరుపు సముద్రమత్స్యముయొక్క గరుకుచర్మము, దానిపై పట్టుత్రాటి చుట్టు: ఇది పిడి. దీని నంతను సాధారణముగా నొక్క వెదురుచీల నిలుపును. చీలను దీసిన పిడి యూడివచ్చును, కమ్మరి చెక్కిన పేరు తోకపై గానవచ్చును. ఆ తోకకు బట్టిన త్రుప్పు ప్రాచీనతకు గురుతు గావున దానిని తోమరు. పారసీకపు అలుగులపై కమ్మరి పేరు బయటనే యుండును. ఇస్ఫహాను అసదుల్లా పేరు ఇతరుల పనిపైని గూడ బెక్కుసార్లు చెక్కబడినది.

జపానువారు అలుగునకు రెండు వేషములు గల్పించిరి. విశ్రాంతికి షిరసాయ యను తెల్లకొయ్య యొర, పిడి. ధరించుటకు కోషిరాయె యను అలంకృతవేషము. అలుగు తెల్లకొయ్యలో నున్నంతకాలము అలంకృతవేషమున నొక కొయ్య యలుగును దూర్చి, దానిని జెదరకుండ భద్రపరతురు. 1876వ సంవత్సరమున ఖడ్గధారణము నిషేధింపబడగా ఈ వేషములు చేయు లోహకారుల జీవిక దెబ్బతిన్నది. వారిలో బలువురు విదేశీయులకు నచ్చు పాత్రలు, అలంకారవస్తువులు చేయుటకు బూనిరి. దంతపు చెక్కడములతో మెరయు ఖడ్గములును ఆ కాలమున నెగుమతికై విస్తారముగా బయలుదేరినవి. వీనిలో బెక్కింట వెల యంతయు నొరయందే, అలుగు సామాన్యము. మేటి యలుగు తెల్లకొయ్యలో దాగియుండవచ్చును. చూచువాడు వేషమును నమ్మిన రెండుచోట్లను మోసపోవును.

మన తెలంగాణమున దసరా యాయుధపూజకు దీయు పాతకత్తులు కొన్ని యిండ్ల నింకను గలవు. పిడి వదులైనప్పుడు క్రొత్తది వేయించుట దోషము గాదు. పూర్వులును అట్లే చేసిరి. అయితే పాతదానిని పారవేయుట మాత్రము చరిత్రమునకు నష్టము. పాత పరుజును, చినిగిన యొరను, లోని లక్కముక్కను సైతము ఒక గుడ్డలో మూటగట్టి, ఎప్పుడు మార్చినదియు చీటిపై వ్రాసి కత్తితోడనే యుంచవలయును. అలుగునకు కమ్మరి పేరు దొరకినను దొరకవచ్చును. పరుజు చేసినవానికి, ఒర కుట్టినవానికి మిగిలిన గురుతు వారి పనియే. అది పోయిన వారును పోయినట్లే.